సెలవుల హాయి ఎన్నాళ్లు నిలుస్తుంది?

వేసవి సెలవులు ముగిసి జూన్ రెండో వారంలో బడులు తెరిచినప్పుడు ఉపాధ్యాయుల గదిలో మొదట వినిపించే ప్రశ్న "సెలవులు ఎలా గడిచాయి?" అన్నదే. ఊటీ వెళ్లామని ఒకరు, అరకు చూశామని ఒకరు, పుట్టింట్లో ఇరవై రోజులు ఉన్నామని ఒకరు చెబుతారు. అందరి ముఖాలూ తేటగా ఉంటాయి. జూలై రెండో వారం వచ్చేసరికి ఆ ప్రశ్న అడిగేవారు ఉండరు. ఎవరైనా అడిగినా, "అదెప్పుడో కిందటి జన్మలో వెళ్లొచ్చినట్టుంది" అన్న జవాబే వస్తుంది.

ఇది ఉపాధ్యాయులకు మాత్రమే జరిగేది కాదు. దుకాణం నడిపేవారు, ఆఫీసు ఉద్యోగులు, ఇల్లు చూసుకునే ఆడవాళ్లు అందరూ ఎరిగిన సంగతే. నెలల తరబడి ఎదురుచూసి, పోగు చేసుకున్న డబ్బు ఖర్చుపెట్టి వెళ్లొచ్చిన సెలవు మనకు ఏం మిగిల్చింది? ఆ హాయి ఇంటికొచ్చాక ఎన్నాళ్లు ఉంటుంది? ఎందుకు కరిగిపోతుంది? కొంతైనా నిలుపుకునే దారి ఉందా? ఈ ప్రశ్నలను మనస్తత్వ శాస్త్రవేత్తలు కొన్ని దశాబ్దాలుగా పరిశీలిస్తున్నారు. వారు చెప్పినది మన సొంత సెలవులకు పనికొస్తుంది. అంతకుమించి, మన కింద పనిచేసేవారికి, మన సేవలో ఉన్నవారికి మనం ఏం బాకీ ఉన్నామో కూడా అది తెలియజేస్తుంది.

కొలిచి చూసినవారు ఏం చెప్పారు?

నెదర్లాండ్స్‌లో జెరూన్ నావైన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1,530 మందిని పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 974 మంది ఆ కాలంలో విహారయాత్రకు వెళ్లినవారు. యాత్రకు ముందు, వెళ్లబోయేవారు వెళ్లనివారికంటే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. తిరిగొచ్చాక చూస్తే ఇద్దరి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. యాత్ర చాలా ప్రశాంతంగా గడిచిందని చెప్పినవారిలో మాత్రం ఆ సంతోషం కొన్ని వారాలు నిలిచింది. అంటే సెలవులో పెద్ద భాగం ఆనందం ఎదురుచూడటంలోనే ఉందన్నమాట. పండుగకంటే చాంద్ రాత్ సందడి ఎక్కువని మన పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అదే దేశంలో జెస్సికా డి బ్లూమ్ బృందం 54 మంది ఉద్యోగులను వారి సెలవుకు ముందు, సెలవులో, సెలవు తర్వాత అడుగుతూ పోయింది. వారి సెలవు సగటున 23 రోజులు. ఆరోగ్యం, మనసు రెండూ సెలవు మొదలవగానే మెరుగుపడ్డాయి. 8వ రోజుకు ఆ మెరుగుదల శిఖరానికి చేరింది. పనిలో చేరిన మొదటి వారంలోనే అంతా పాత స్థితికి వచ్చేసింది. ఈ ఫలితాలు 2013లో వెలువడ్డాయి.

మూడో పరిశోధన నా వృత్తివారి మీద జరిగింది కనుక నాకు మరింత దగ్గరగా అనిపించింది. యానా క్యూనెల్, సబీనె సొనెన్‌టాగ్ అనే ఇద్దరు జర్మన్ పరిశోధకులు 131 మంది ఉపాధ్యాయులను సెలవుకు ముందు ఒకసారి, తర్వాత మూడుసార్లు ప్రశ్నించారు. సెలవు తర్వాత పనిమీద ఉత్సాహం పెరిగింది, అలసట తగ్గింది. ఒక నెలలోపు రెండూ మొదటికి వచ్చాయి. అయితే వారు ఇంకో సంగతి కూడా గమనించారు. తిరిగి రాగానే పని ఒత్తిడి ఎక్కువగా మీద పడినవారికి సెలవు ఫలం త్వరగా కరిగిపోయింది. తిరిగొచ్చాక కూడా సాయంత్రాలు, ఆదివారాలు కొంత విశ్రాంతిగా గడుపుకున్నవారికి అది మెల్లగా కరిగింది. 2011లో అచ్చయిన ఈ పరిశోధనలో మనకు అందరికంటే పనికొచ్చే మాట ఇదే. సెలవు హాయి ఎంతకాలం ఉంటుందన్నది మనం వెళ్లిన చోటు మీదకంటే మనం తిరిగొచ్చిన చోటు మీద ఎక్కువ ఆధారపడి ఉంది.

అయితే సెలవు వృథాయేనా?

ఇంత త్వరగా పోయేదానికి ఇంత ఖర్చెందుకు అని అనిపించవచ్చు. అలా అనుకోవడం తొందరపాటు. నిన్న రాత్రి తిన్న అన్నం ఈ మధ్యాహ్నం ఆకలిని ఆపలేకపోయిందని అన్నం తినడం మానేస్తామా? విశ్రాంతి కూడా అంతే. ఒకసారి తీసుకుని దాచుకునేది కాదు, మళ్లీ మళ్లీ తీసుకోవలసినది.

దీనికి బలమిచ్చే పరిశోధన అమెరికాలో జరిగింది. గుండె జబ్బు వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న, నడివయసులో ఉన్న 12 వేలకు పైగా మగవారి వివరాలను బ్రూక్స్ గంప్, కరెన్ మాథ్యూస్ పరిశీలించి 2000లో ప్రచురించారు. ఏటా క్రమంగా సెలవు తీసుకున్నవారిలో తర్వాతి తొమ్మిదేళ్లలో మరణాలు తక్కువగా కనిపించాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. డబ్బు, ఆరోగ్యం ఉన్నవారే సెలవుకు వెళ్లగలుగుతారు కదా, వారి ఆయుష్షుకు కారణం సెలవేనా, ఆ డబ్బేనా అన్న ప్రశ్న సహజం. పరిశోధకులు ఆదాయం, జబ్బులు వంటివి లెక్కలోకి తీసుకున్నాకే ఈ మాట చెప్పారు. అయినా ఇది సంబంధాన్ని చూపుతుంది తప్ప కారణాన్ని పూర్తిగా రుజువు చేయదు. ఒక్క సెలవు కొన్ని వారాల్లో కరిగిపోయినా, ఏటేటా క్రమం తప్పని విశ్రాంతి మనిషికి మేలు చేస్తుందని నమ్మడానికి మాత్రం ఆధారం ఉంది.

బి.ఇడి. చదివినవారందరికీ హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ పేరు తెలుసు. మనం నేర్చుకున్నది ఎలా మరచిపోతామో 1885లోనే ఆయన లెక్కగట్టాడు. ఒకే రాత్రి కూర్చుని బట్టీ పట్టిన పాఠంకంటే కొద్దికొద్దిగా, విరామాలతో చదివిన పాఠం ఎక్కువకాలం గుర్తుంటుందన్నది ఆయన నుంచి మనకు వచ్చిన సూత్రం. విశ్రాంతి విషయంలో కూడా నాకు ఇదే సరైన పోలిక అనిపిస్తుంది. మూడేళ్లకోసారి ఇరవై రోజుల పెద్ద యాత్రకంటే ఏటా నాలుగైదు రోజుల చిన్న విరామాలు, వారానికి ఒక పూట నిజమైన తీరిక కుటుంబానికి ఎక్కువ మేలు చేస్తాయి. 8వ రోజుకే శిఖరం చేరే హాయి కోసం అప్పు చేసి నెల రోజులు తిరగనక్కర్లేదు.

ఎందుకు కరిగిపోతుంది?

మొదటి కారణం పేరుకున్న పని. మనం లేకపోయినా పని ఆగదు, మన బల్ల మీద పోగవుతుంది. దుకాణం లెక్కలు, దిద్దవలసిన కాగితాలు, కట్టవలసిన బిల్లులు అన్నీ ఒక్కసారి మీద పడతాయి. పది రోజుల విశ్రాంతిని రెండు రోజుల పరుగు తినేస్తుంది.

రెండో కారణం డబ్బు. చేతిలో ఉన్నదానితో వెళ్లొచ్చిన యాత్ర జ్ఞాపకంగా మిగులుతుంది. అప్పు చేసి వెళ్లిన యాత్ర ప్రతి నెలా వాయిదా రోజున గుర్తుకొస్తుంది.

మూడోది శరీరం. రాత్రి ప్రయాణాలు, తప్పిన నిద్ర, మారిన తిండి, నీళ్లు, పిల్లలకు జలుబు జ్వరాలు. ఫజర్ వేళ ఇంటికి చేరి, సామాను దించి, తొమ్మిదింటికి పనిలో కూర్చున్న మనిషికి సెలవు అక్కడే ముగిసినట్టు.

నాలుగోది మనిషి స్వభావం. మంచికైనా చెడుకైనా మనం త్వరగా అలవాటు పడతాం. సముద్రం మొదటి రోజు చూసినట్టు నాలుగో రోజు కనిపించదు. ఈ అలవాటు పడే గుణమే కష్టాలనుంచి మనల్ని తేరుకోనిస్తుంది, అదే సుఖాలను కూడా మామూలు చేసేస్తుంది.

ఐదో కారణం మన ఇళ్లలో పైకి చెప్పుకోనిది. సెలవు అందరికీ ఒకేలా ఉండదు. బంధువుల ఇంటికి వెళ్తే ఇల్లాలికి వంటిల్లు మారుతుంది తప్ప వంట తప్పదు. యాత్రకు వెళ్తే బట్టలు సర్దడం, పిల్లలకు తినిపించడం, పెద్దవారి మందులు గుర్తుపెట్టుకోవడం ఆమె పనే. తిరిగి రాగానే రెండు బస్తాల మాసిన బట్టలు ఆమె కోసమే ఎదురుచూస్తుంటాయి. "అందరం వెళ్లి హాయిగా గడిపి వచ్చాం" అని మగవారు చెప్పే మాటలో ఆ "అందరం" ఎంతవరకు నిజమో ఇంట్లో ఒకసారి అడిగి చూడాలి.

ఏ సెలవు మనసుకు పడుతుంది?

సొనెన్‌టాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ కలిసి 2007లో విశ్రాంతిని నాలుగు భాగాలుగా విడదీసి చూపారు. పనిని మనసులోంచి దించేయడం మొదటిది. ఒళ్లు, మనసు సడలించుకోవడం రెండోది. పనికి సంబంధం లేని కొత్తదేదైనా నేర్చుకోవడం మూడోది. తన సమయం తన చేతిలో ఉండటం నాలుగోది.

ఈ నాలుగింటిలో దేనికీ విమానం టికెట్టు అక్కర్లేదన్నది గమనించాలి. ఊటీలో కూర్చుని కూడా దుకాణం కుర్రాడికి గంటకోసారి ఫోన్ చేసేవాడు పనిని దించుకోలేదు. సొంత ఊళ్లోనే ఉండి, ఫోన్ పక్కన పెట్టి, కొడుకుతో చెరువుగట్టున నడిచినవాడు దించుకున్నాడు. సెలవుల్లో మనవరాలి దగ్గర ఫోన్‌లో ఉత్తరం పంపడం నేర్చుకున్న తాతకు, అమ్మమ్మ దగ్గర ఉర్దూ అక్షరాలు దిద్దుకున్న పిల్లకు సెలవు అయిపోయినా నేర్చుకున్నది మిగులుతుంది. ఇక నాలుగోది, సమయం తన చేతిలో ఉండటం, మన ఆడవాళ్లకు అన్నింటికంటే అరుదుగా దొరికేది. యాత్రలో ఒక్క పూటైనా పిల్లలను, వంటను మగవారు చూసుకుంటే, ఆ పూట ఆమెకు అసలైన సెలవు.

ముగింపు ఎలా ఉండాలి?

ఆర్థిక శాస్త్రంలో 2002 నోబెల్ బహుమతి పొందిన మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్, తన సహచరులతో కలిసి ఒక చిన్న ప్రయోగం చేశాడు. 1993లో ప్రచురించిన ఆ ప్రయోగంలో మనుషుల చేతిని ఒకసారి 14 డిగ్రీల చల్లని నీటిలో 60 సెకన్లు పెట్టించారు. ఇంకోసారి అదే 60 సెకన్ల తర్వాత మరో 30 సెకన్లు పెట్టించారు, కానీ ఆ చివరి 30 సెకన్లలో నీటిని మెల్లగా 15 డిగ్రీలకు తెచ్చారు. మళ్లీ చేయవలసివస్తే ఏది ఎంచుకుంటారని అడిగితే ఎక్కువమంది రెండోదే కోరుకున్నారు. బాధ ఎక్కువసేపు ఉన్నా, చివర కొంచెం తేలికపడింది కనుక అదే నయమనిపించింది. ఒక అనుభవం ఎంతసేపు జరిగిందన్నదానికంటే అది ఎలా ముగిసిందన్నదే మనకు ఎక్కువగా గుర్తుంటుంది.

మనం చేసేది దీనికి వ్యతిరేకం. చివరి రోజే అన్ని కొనుగోళ్లు పెట్టుకుంటాం. చివరి రోజే సామాను దగ్గర గొడవ పడతాం. రిజర్వేషన్ లేని బోగీలో నిలబడి వస్తాం. ఇంటికి వచ్చేసరికి ఆ పది రోజుల ముచ్చట్లకంటే ఆ ఒక్క రాత్రి చిరాకే పైన తేలుతుంది.

ఈ సందర్భంలో మన సంప్రదాయంలోని ఒక విషయం గుర్తుచేయాలి. దైవప్రవక్త ముహమ్మద్ (స) ప్రయాణం నుంచి తిరిగి వచ్చినప్పుడు ముందు మస్జిద్‌కు వెళ్లి రెండు రకాతుల నమాజ్ చేసేవారని హదీసు గ్రంథాల్లో ఉంది. చాలాకాలం తర్వాత తిరిగొచ్చేవారు చెప్పకుండా రాత్రివేళ ఇంటి తలుపు తట్టరాదన్న బోధన కూడా ఉంది. దీని పుణ్యఫలం గురించి చెప్పడానికి ఉలమా ఉన్నారు. ఒక ఉపాధ్యాయుడిగా నాకు కనిపించేది, ప్రయాణానికి, ఇంటికి మధ్య ఒక మెట్టు ఉండాలన్న వివేకం. ప్రయాణం బరువును గుమ్మం బయట దించి లోపలికి రావాలి, ఇంట్లోవాళ్లకు కూడా సిద్ధపడే వ్యవధి ఇవ్వాలి. పనిలో చేరడానికి ఒక రోజు ముందే ఇల్లు చేరమని నేటి పరిశోధకులు ఇచ్చే సలహా ఆ దారిలోదే.

హజ్ నుంచి తిరిగొచ్చినవారు

హజ్, ఉమ్రా విహారయాత్రలు కావు, ఇబాదత్. వాటిని సెలవులతో పోల్చకూడదు. కానీ తిరిగొచ్చాక ఏం నిలుస్తుందన్న ప్రశ్నకు హజ్ మీద జరిగిన ఒక పరిశోధన చక్కటి జవాబు చెబుతుంది.

మన హజ్ కమిటీ ఖుర్రా తీసినట్టే అప్పట్లో పాకిస్తాన్‌లోనూ ప్రభుత్వ కోటాకు లాటరీ తీసేవారు. 2006 హజ్ కోసం దరఖాస్తు చేసినవారిలో పేరు వచ్చినవారిని, రానివారిని కలిపి 1,600 మందికి పైగా డేవిడ్ క్లింగింగ్‌స్మిత్, ఆసిమ్ ఇజాజ్ ఖ్వాజా, మైఖేల్ క్రెమర్ అనే ఆర్థికవేత్తల బృందం ప్రశ్నించింది. రెండు వర్గాలకూ హజ్ కోరిక సమానమే, తేడా లాటరీ ఒక్కటే. కాబట్టి పోలిక న్యాయంగా ఉంటుంది. హజ్ ముగిసి నెలలు గడిచాక అడిగినా, వెళ్లొచ్చినవారిలో ఇతర జాతుల పట్ల, ఇతర వర్గాల ముస్లింల పట్ల, ఇతర మతాలవారి పట్ల సమభావం ఎక్కువగా కనిపించింది. ఆడపిల్లల చదువును, ఆడవారి ఉద్యోగాన్ని సమర్థించే మాట వారిలో ఎక్కువగా వినిపించింది. ఈ ఫలితాలు 2009లో ప్రచురితమయ్యాయి.

దీన్నిబట్టి నాకు అర్థమైనది ఇది. సుఖం వారాల్లో కరిగిపోతుంది, మారిన చూపు నిలుస్తుంది. మామూలు ప్రయాణంలో కూడా కొత్త మనుషులతో కూర్చుని తిన్న భోజనం, మనకంటే వేరుగా బతికేవారిని దగ్గరగా చూసిన అనుభవం హోటల్ గదికంటే ఎక్కువకాలం మనతో ఉంటాయి.

గల్ఫ్ నుంచి వచ్చే సెలవు

మన కుటుంబాల్లో "సెలవు" అన్న మాటకు ఇంకో అర్థం ఉంది. హైదరాబాద్ పాతబస్తీలో, కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల్లో "సెలవు మీద వచ్చాడు" అంటే గల్ఫ్ నుంచి వచ్చాడనే. యు.ఎ.ఇ. చట్టం ఏడాది పనికి 30 రోజుల వేతన సెలవు ఇస్తుంది. సౌదీ చట్టం 21 రోజులు, ఐదేళ్లు దాటితే 30 రోజులు ఇస్తుంది. కాగితం మీద ఉన్నా టికెట్టు ఖర్చుకు, అప్పులకు, యజమాని మాటకు కట్టుబడి రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వచ్చేవారే ఎక్కువగా కనిపిస్తారు.

ఆ నెల రోజులు ఎలా గడుస్తాయో మనకు తెలుసు. మొదటి వారం అత్తరు సీసాలు, చాక్లెట్లు, దుప్పట్లు పంచడంతోనే పోతుంది. రెండో వారం చుట్టాలు, విందులు. మూడో వారం చెల్లెలి నిఖా మాటలు, ఇంటి మరమ్మతు, పొలం తగాదా. నాలుగో వారానికి మళ్లీ పెట్టె సర్దుడు. నాన్నను చూసి మొదట బెరుకుగా దూరం జరిగిన చిన్నపిల్ల ఆయన ఒళ్లోకి చేరేసరికి ఆయన బయలుదేరే రోజు వస్తుంది. ఆయన వచ్చినప్పటికంటే అలసిపోయి, వచ్చినప్పటికంటే ఎక్కువ అప్పుతో విమానం ఎక్కుతాడు. ఇక్కడ సెలవు తర్వాతి దిగులు రెండు చోట్ల ఉంటుంది, అక్కడి లేబర్ క్యాంపు గదిలోనూ, ఇక్కడి ఇంట్లోనూ. తండ్రి వెళ్లిన మరుసటి వారం బడికొచ్చే పిల్లవాడు పాఠం వింటున్నట్టే కూర్చుంటాడు, కానీ వినడు. ఉపాధ్యాయులు ఆ వారం రోజులు వాడిని తిట్టకుండా దగ్గరకు తీయాలి.

దీనికి చేయగలిగినది పెద్ద ఖర్చుతో కూడుకున్నది కాదు. వచ్చిన మొదటి మూడు రోజులు, వెళ్లే ముందు చివరి మూడు రోజులు అతన్ని భార్యాపిల్లలకు వదిలిపెట్టడం చుట్టాలమైన మనం చేయగల సాయం. పెద్ద ఖర్చుల నిర్ణయాలు సెలవు రోజుల్లో పెట్టకుండా ముందే ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు. వెళ్లాక రోజూ ఒకే వేళకు పిల్లలతో మాట్లాడే అలవాటు పెట్టుకుంటే, వాళ్లకు ఆ వేళ ఎదురుచూసే వేళ అవుతుంది.

అసలు సెలవే లేనివారు

ఇంతవరకు చెప్పినది సెలవు ఉన్నవారి గురించి. ఏడాదికి కనీసం ఆరు పనిదినాలైనా జీతంతో కూడిన సెలవు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1936లోనే ఒప్పందం చేసింది. 1970లో దాన్ని మూడు వారాలకు పెంచింది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 240 రోజులు పనిచేసిన కార్మికుడికి ప్రతి 20 పనిదినాలకు ఒక రోజు చొప్పున సెలవు ఏర్పరచింది. కానీ మన ఇంట్లో గిన్నెలు తోమే ఆమెకు, మన కారు నడిపే డ్రైవరుకు ఆ చట్టం వర్తించలేదు. వారి సెలవు మన దయ మీదే ఉంది.

మన మస్జిద్‌ల సంగతి చూద్దాం. ఇమామ్ సాహెబ్, మౌజన్ సాహెబ్ ఫజర్ నుంచి ఇషా దాకా రోజుకు ఐదుసార్లు హాజరు ఉండాలి. ఏడాదికి 1,825 నమాజులు. వారానికి ఒక రోజు సెలవు చాలాచోట్ల లేదు. ఒక పూట ఆలస్యమైతే అడిగే కమిటీలు ఉన్నాయి, ఏడాదిలో ఎన్ని రోజులు పిల్లలతో గడిపారని అడిగే కమిటీలు తక్కువ. బీహార్ నుంచో ఉత్తరప్రదేశ్ నుంచో వచ్చినవారైతే భార్యాపిల్లలు అక్కడే ఉంటారు.

మదరసా ఉపాధ్యాయుల సెలవు ఇంకా విచిత్రం. మదరసా విద్యా సంవత్సరం షవ్వాల్‌లో మొదలై షాబాన్‌లో ముగుస్తుంది. రమజాన్ వారికి సెలవు నెల. కానీ ఆ నెలలోనే వారిలో చాలామంది సఫీర్లుగా, చేతిలో రసీదు పుస్తకంతో ఊరూరా తిరిగి చందా వసూలు చేస్తారు. రోజాతో ఎండలో మన గుమ్మం ముందు నిలబడిన ఆ మౌల్వీ సాహెబ్, తన వార్షిక సెలవును మన పిల్లల చదువు కోసం ఖర్చు చేస్తున్న ఉపాధ్యాయుడు. షవ్వాల్‌లో ఆయన తరగతిలోకి అడుగుపెట్టేటప్పుడు ఆయనలో తీరిన అలసట ఏముంటుంది? ఆయన అలసట ఫలితం చివరికి పడేది పిల్లల మీదే. జర్మన్ ఉపాధ్యాయులకు కొన్నాళ్లైనా నిలిచిన హాయి ఆయనకు మొదలే కావడం లేదు.

దాతలు చేయగలిగినది

ఇక్కడ ఒక చిన్న లెక్క చెబుతాను. ఒకే పట్టణంలో దగ్గరదగ్గరగా ఉన్న ఆరు మస్జిద్‌లు కలిసి ఒక బదిలీ ఇమామ్‌ను నియమించుకున్నాయనుకుందాం. ఆయన శనివారం ఒక మస్జిద్‌లో, ఆదివారం మరో మస్జిద్‌లో, ఇలా గురువారం దాకా ఆరు చోట్ల నమాజ్ చేయిస్తారు. ఆరుగురు ఇమాములకూ వారానికి ఒక పూర్తి రోజు సెలవు దొరుకుతుంది. శుక్రవారం జుమా ఖుత్బాకు ఎవరి మస్జిద్‌లో వారే ఉంటారు, కాబట్టి బదిలీ ఇమామ్‌కు కూడా ఏడో రోజు సెలవు దొరుకుతుంది. ఒక్క జీతాన్ని ఆరుగా పంచితే ఒక్కో కమిటీకి పడే భారం ఏపాటిది? మౌజన్లకు కూడా ఇదే పద్ధతి పెట్టవచ్చు. పని వెతుక్కుంటున్న ఇద్దరు యువకులకు ఉపాధి కూడా దొరుకుతుంది. ఇందుకు ఏ నిధి వాడాలన్నది ముందే స్పష్టం చేసుకోవాలి. జకాత్ సొమ్ము విషయం ఉలమాను అడిగి తేల్చుకోవాలి. నఫిల్ సదఖా, సాధారణ విరాళాలతో దీన్ని నడపవచ్చు.

అలాగే సఫీరుగా తిరిగిన ఉపాధ్యాయుడికి షవ్వాల్‌లో కనీసం పది రోజులు జీతంతో ఇంటికి వెళ్లే ఏర్పాటు, రానుపోను రైలు టికెట్టు ఇవ్వమని మనం చందా ఇచ్చేటప్పుడే మదరసా నిర్వాహకులను కోరవచ్చు. దాత అడిగిన మాటకు విలువ ఉంటుంది. దుకాణాలు, చిన్న కార్ఖానాలు ఉన్నవారు తమ కుర్రాళ్లకు ఏడాదికి పది రోజుల వేతన సెలవు రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. ఇంట్లో పనిచేసే ఆమెకు నెలకు నాలుగు రోజుల సెలవు జీతం కోయకుండా ఇవ్వడానికి ఏ కమిటీ తీర్మానమూ అక్కర్లేదు.

ఇక మన ఇళ్లకు సంబంధించి, పై పరిశోధనల సారాన్ని ఇలా గుర్తుపెట్టుకోవచ్చు:

1. అప్పు చేసి వెళ్లవద్దు. దగ్గరి ఊరైనా, నాలుగు రోజులైనా, ఏటా వెళ్లండి.

2. తేదీ ముందే చెప్పండి. ఎదురుచూడటం కూడా సెలవులో భాగమే, దాన్ని పిల్లలకు దక్కనివ్వండి.

3. చివరి రోజును తేలిగ్గా ఉంచండి. పనిలో చేరేముందు ఒక రోజు ఇంట్లో ఉండేలా తిరిగి రండి.

4. తిరిగొచ్చిన వారంలో కొత్త పనులు పెట్టుకోకండి. వంట, ఉతుకుడు అందరూ పంచుకోండి.

5. ప్రయాణంలో దొరికిన ఒక మంచి అలవాటును ఇంట్లో కొనసాగించండి. అందరూ కలిసి ఒకే దస్తర్‌ఖాన్ మీద తినడం, మగ్రిబ్ తర్వాత ఫోన్లు పక్కన పెట్టడం, ఫజర్ తర్వాత కొంతసేపు నడవడం, ఏదైనా సరే.

6. వారానికి ఒక పూట తీరికను నమాజ్ వేళంత ఖచ్చితంగా పాటించండి. ఆ పూట ఇల్లాలికి కూడా తీరికగా ఉందో లేదో చూడండి.

సెలవు హాయిని నిలిపేది వెళ్లిన ఊరు కాదు, తిరిగొచ్చిన ఇల్లూ, చేరిన పనీ. మన ఇంటిని ఎలా ఉంచుకోవాలన్నది మన చేతిలో ఉంది. మన దగ్గర పనిచేసేవారి పనిని ఎలా ఉంచాలన్నది కూడా మన చేతిలోనే ఉంది. రాబోయే రమజాన్‌కు ముందు జరిగే మస్జిద్ కమిటీ సమావేశంలో, జమా ఖర్చుల పద్దు చదివాక, "మన ఇమామ్ సాహెబ్ చివరిసారి ఇంటికి ఎప్పుడు వెళ్లారు?" అని ఒక్కరు అడిగితే చాలు. మిగతా మాట దానంతటదే మొదలవుతుంది.